పారిష్ చర్చిలో ఒక సాయంత్రం: వార్షికోత్సవ వాలంటీర్ల చర్చ

సమన్వయకర్త

అందరికీ నమస్కారం. ఈసారి మన తెలుగువాళ్ల వార్షికోత్సవం మనం ఎప్పుడూ అద్దెకు తీసుకునే చర్చి హాలుతో ఆగదు, చర్చిలో కూడా జరుగుతుంది. పారిష్ చర్చి కౌన్సిల్ ఒప్పుకుంది. వచ్చే నెల 8వ తేదీ, శనివారం. నాలుగింటికి చర్చిలో వాళ్ల సాయంకాల ప్రార్థన, అయిదింటి నుంచి హాలులో మన కార్యక్రమం. ఆ ప్రార్థన మామూలుగా ఆదివారాలే ఉంటుంది, మనకోసం శనివారం పెడుతున్నారు.

కరపత్రం నమూనా చూశాను. "మనకు చోటిచ్చిన ఆతిథేయులకు కృతజ్ఞతలు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ వాక్యం మార్చమని కోరుతున్నాను. ఇది ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండ్ దేశపు అధికారిక చర్చిలో భాగం. ఇంగ్లండ్‌లో నేలంతా అది పారిష్‌లుగా, అంటే ఒక్కో చర్చి పరిధిగా, విభజించుకుంది. మన ఇళ్లలో ఎక్కువ భాగం ఈ పారిష్ హద్దులోపలే ఉన్నాయి, పటంలో ఒక్కొక్క వీధీ చూసుకున్నాను. హద్దులో నివసించే ప్రతి మనిషి బాగోగులూ వికార్, అంటే పారిష్ గురువు, బాధ్యతే, వారిది ఏ మతమైనా, ఏ మతమూ కాకపోయినా. ఇంకో సంగతి మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. ఏటా చర్చి వార్డెన్లను, అంటే చర్చి బాగోగులు చూసే మామూలు సభ్యులను, ఎన్నుకునే సమావేశం జరుగుతుంది. చర్చి జాబితాలో పేరున్నవారితో పాటు, పారిష్‌లో ఉంటూ స్థానిక ఓటర్ల జాబితాలో పేరున్న ఎవరైనా అక్కడికి వెళ్లి ఓటు వేయవచ్చు. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటర్లుగా నమోదు కావచ్చు కాబట్టి, ఆ ఓటు మనలో చాలామందికి ఇప్పటికే ఉంది.

మనం వాళ్ల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లడం లేదు, ఇరుగుపొరుగుగా వెళుతున్నాం. కరపత్రంలో ఆ మాటే ఉండాలి. "మన పారిష్‌లో ఒక సాయంత్రం" అంటే సరిపోతుందని నా అభిప్రాయం.

వేదిక ఏర్పాట్లు

మంచి మాట వదినా. మార్చేస్తాను. నాకు మూడు సందేహాలు ఉన్నాయి. కూచిపూడి ప్రదర్శన చర్చిలోనే పెడదామా? అక్కడ ఎత్తు, వెలుతురు బాగుంటాయి. జ్యోతి ప్రజ్వలన ఎక్కడ? గోడలకు బ్యానర్లు కట్టుకోవచ్చా?

సమన్వయకర్త

బ్యానర్ల సంగతి ముందు. గోడకు మేకు కాదు కదా, అంటించే పట్టీ కూడా వద్దు. చర్చి కట్టడంలో శాశ్వతమైన మార్పు చేయాలంటే వికార్ ఒప్పుకున్నా చాలదు, డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే పారిష్‌ల సమూహం) నుంచి రాతపూర్వక అనుమతి రావాలి. మనవి తాత్కాలికమే అయినా పాత సున్నం పెచ్చులూడితే బాగుచేయించే భారం ఆ చిన్న పారిష్ మీదే పడుతుంది. తమంతట తాము నిలబడే బోర్డులే తెద్దాం.

నాట్యం, జ్యోతి రెండూ హాలులోనే. చర్చిలో నాటకం, కచేరీ, చిత్ర ప్రదర్శన పెట్టాలంటే అందులోని మాట, సంగీతం, చిత్రం దేవుని ఇంటికి తగినవిగా ఉండేలా వికార్ చూసుకోవాలని చర్చి నియమావళిలో ఎఫ్ 16 అనే నియమం చెబుతుంది. అగ్ని ప్రమాదాల నివారణ చూసే అధికారులను ముందే సంప్రదించాలని కూడా అందులోనే ఉంది. దాని ముందున్న ఎఫ్ 15 ప్రకారం, ఆ స్థలం పవిత్రతకు సరిపడని సమావేశాలు జరగకుండా కాపాడవలసింది వార్డెన్లు. మన వార్డెన్లలో ఒకరు పగలు ఉద్యోగం, సాయంత్రం చర్చి తాళాలు, వానాకాలం కాలువల్లో ఆకులు, అన్నీ చూసుకునే మనిషి. మనం అడిగితే మొహమాటానికి సరే అంటారేమో. ఆ ఇబ్బంది వారికి పెట్టవద్దు.

పిల్లల విభాగం

పిల్లలతో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ నాటిక వేయిద్దామనుకుంటున్నాం. ఆరుగురు రాణులు, ఒక రాజు. పిల్లలకు బడిలో చెప్పిన పాఠమే, దుస్తులు కూడా దొరుకుతాయి. చర్చి పుట్టుక కథ కూడా అదే కదా?

సమన్వయకర్త

వద్దు చెల్లీ. పిల్లల ఉత్సాహం నాకు తెలుసు, అయినా ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతున్నాను. 1534లో హెన్రీ తనను తాను ఇంగ్లండ్ చర్చికి అధిపతిగా చట్టం చేయించుకున్న మాట నిజమే. కానీ ఇప్పుడు ఆ బల్లల మీద కూర్చునేవారు ఒక రాజు పెళ్లిళ్ల కోసం అక్కడికి రావడం లేదు. వాళ్లను రప్పించేది ప్రార్థన. ఆ ప్రార్థన మొదట వినిపించింది హెన్రీ చనిపోయాక, అతని కొడుకు ఆరో ఎడ్వర్డ్ కాలంలో. 1549 జూన్ 9, పెంతెకోస్తు పండుగనాడు, అంతకుముందు లాటిన్‌లో జరిగిన ఆరాధన దేశమంతటా ఇంగ్లీషులో జరగాలని ఆజ్ఞ. ఆర్చ్‌బిషప్ థామస్ క్రాన్మర్ పర్యవేక్షణలో తయారైన ప్రార్థన పుస్తకం అది.

నాటికగా వేయాలంటే ఆ ఉదయాన్ని వేయండి. చర్చిలో వెనుక నిలబడ్డ ఒక అవ్వ, జీవితంలో మొదటిసారి ప్రార్థనలో ప్రతి మాటా అర్థమవుతుంటే ఏమనుకుని ఉంటుంది? పక్కనే ఆమె కొడుకు, పాత ఆరాధన పోయిందని కోపంగా ఉన్నవాడు. ఇద్దరి మాటలకూ బలం ఉండాలి. ఎందుకంటే ఆ ఏడాదే కార్న్‌వాల్, డెవన్ ప్రజలు ఈ పుస్తకం మీద తిరగబడ్డారు. కార్న్‌వాల్‌లో కొందరికి ఇంగ్లీషే రాదు, వాళ్లకు ఇది లాటిన్ కంటే దగ్గరగా ఏమీ లేదు. ఆ తిరుగుబాటును రక్తపాతంతో అణిచివేశారు. క్రాన్మర్‌ను కూడా 1556లో, పాత ఆరాధనను మళ్లీ తెచ్చిన మేరీ రాణి కాలంలో, ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టారు. పదేళ్లు దాటిన పిల్లలు ఈ కథను మోయగలరు.

పిల్లల విభాగం

అవ్వ, కొడుకు సరే అక్కా. రాస్తున్నాం. తగలబెట్టడం మాత్రం వేదిక మీద చూపించం, ఒకరు మాటగా చెబుతారు.

పెద్దల తరఫున

అమ్మాయీ, నాకూ మా ఆవిడకూ రావాలనే ఉంది. మా పక్కింటివారు కూడా అడిగారు. మేం గుడికి వెళ్లేవాళ్లం, లోపల ఏం చేయాలో తెలియదు. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారంటారు. తీసుకోకపోతే తప్పుగా అనుకుంటారేమో, తీసుకుంటే మాకూ తప్పేమో.

సమన్వయకర్త

బాబాయి గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. చాలామంది మనసులో ఉంచుకుని రాకుండా ఉండిపోతారు.

సాయంకాల ప్రార్థనలో రొట్టె, ద్రాక్షరసం ఉండవు. అవి ఇచ్చే ప్రభు సంస్కారం వేరే ఆరాధన. అది బాప్తిస్మం పొందినవారికి, తక్కినవారు కావాలంటే తల వంచి ఆశీర్వాదం తీసుకోవచ్చు, లేదా కూర్చునే ఉండవచ్చు. ఆ చిక్కు ఎవరికీ రాకూడదనే ఈ ప్రార్థన ఎంచుకున్నాం. దీనికి పూజారి హోదా గల గురువు ఉండనక్కరలేదు కూడా. మన వికార్ గారికి ఒకటి కంటే ఎక్కువ చర్చిలు ఉన్నాయి, ఆ శనివారం ఆమె మరో చోట పెళ్లి జరిపిస్తున్నారు. రీడర్‌గా, అంటే గురువు కాకపోయినా ఆరాధన నడిపే అనుమతి ఉన్న వ్యక్తిగా, నియమితురాలైన ఒక పెద్దావిడ నడిపిస్తారు, బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు.

లోపల జరిగేది ఇది. ముందు అందరూ కలిసి తప్పులు ఒప్పుకునే ప్రార్థన. తరువాత కీర్తనలు. బైబిల్లోని 150 కీర్తనలనూ ప్రార్థన పుస్తకం నెలలో ముప్పై రోజులకు, ఉదయం సాయంత్రం వంతులుగా పంచింది. ఎవరికి నచ్చినవి వారు ఏరుకోవడం ఉండదు, సంతోషమైనా శోకమైనా కోపమైనా ఆ రోజుకు వచ్చినదే చదవాలి. తేదీ 8 అని నేను పట్టుబట్టింది ఇందుకే. 15వ తేదీ సాయంత్రానికి 78వ కీర్తన ఒక్కటే వస్తుంది, డెబ్బైకి పైగా చరణాలు, కొత్తవారికి కష్టం. 22 సాయంత్రం 109వ కీర్తన వస్తుంది, శత్రువును శపించే కీర్తన, మొదటి పరిచయానికి అది వద్దు. 8 సాయంత్రం 41, 42, 43. నీటివాగుల కోసం దప్పిగొన్న దుప్పిలా నా ప్రాణం దేవుని కోసం ఆశపడుతోందని మొదలయ్యేది 42. మీకు ఇష్టమైన భక్తి పదాలకు అది దూరం కాదు బాబాయి గారూ.

తరువాత పాత నిబంధన నుంచి ఒక పాఠం, దాని వెంట మరియమ్మ పాడిన పాట. కొత్త నిబంధన నుంచి ఒక పాఠం, దాని వెంట వృద్ధుడైన సుమెయోను పాట. రెండూ లూకా సువార్తలోవే. పాత లాటిన్ పద్ధతిలో సాయంత్రానికి ఒక ప్రార్థన, నిద్రకు ముందు ఒకటి ఉండేవి. క్రాన్మర్ రెంటినీ కలిపినప్పుడు ఒక్కోదాని పాట ఒక్కోటి మిగిలింది. బలవంతులను గద్దె దింపి దీనులను పైకెత్తాడని దేవుణ్ణి పొగిడే పాట మరియమ్మది, రాజు క్షేమానికి ప్రార్థించే ఆరాధనలోనే అది కూడా పాడతారు. ఈ రెండూ పక్కపక్కన నిలవడం నాకు ఈ సంప్రదాయంలో అన్నిటికంటే ఇష్టం.

పాటల తరువాత నిలబడి అపొస్తలుల విశ్వాస ప్రమాణం చెబుతారు. మీరూ నిలబడండి, అది మర్యాద. నమ్మని మాట పలకమని ఎవరూ ఆశించరు. చివర్లో మా చీకటిని వెలిగించు, ఈ రాత్రి ఆపదల నుంచి కాపాడు అనే చిన్న ప్రార్థన ఉంటుంది. మోకరించలేకపోతే కూర్చుని ముందుకు వంగితే చాలు, అక్కడి పెద్దలు సగం మంది అలాగే చేస్తారు.

ప్రదర్శన బోర్డులు

ఆంగ్లికన్ విశ్వాసాలు అని ఒక పెద్ద బోర్డు సిద్ధం చేస్తున్నాం, పది అంశాలతో. ఎవరైనా సరిచూస్తారా?

సమన్వయకర్త

పది అంశాల బోర్డు తీసేద్దాం అన్నయ్యా. వీళ్లకూ ఒక పట్టిక ఉంది, 1571లో ఖరారైన 39 అధికరణాలు. గురువులు దాన్ని తమ వారసత్వంలో భాగంగా అంగీకరించి ప్రకటన చేయాలి. కానీ బల్ల మీద కూర్చునే మామూలు మనిషిని వాటి మీద సంతకం పెట్టమని అడగరు. ఈ పారిష్‌లోనే చూడండి. ఒకావిడ లోపలికి రాగానే బలిపీఠం వైపు వంగి సిలువ గుర్తు వేసుకుంటారు. ఆమె పక్కన కూర్చునే పెద్దాయనకు అవేవీ గిట్టవు, వాక్యం, ప్రసంగం ఉంటే చాలంటారు. రొట్టెలో క్రీస్తు ఎలా ఉన్నాడని అడిగితే ఇద్దరూ రెండు జవాబులు చెబుతారు. ఆదివారం మాత్రం ఇద్దరూ ఒకే మాటలతో ప్రార్థిస్తారు, ఒకరికి జబ్బు చేస్తే రెండోవారు వెళ్లి చూసివస్తారు. వాళ్లు ఏం నమ్ముతారో తెలియాలంటే ఆ ప్రార్థనలో కూర్చుని వినాలి. బోర్డు చదివి హాలుకు వెళ్లిపోయేవారు అది వినకుండానే వెళ్లిపోతారు.

ఆ స్థలంలో దోర్నకల్ గురించి పెట్టండి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. తమిళ నాట పుట్టి తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో పనిచేశారు. ఆయన కట్టించిన దోర్నకల్ కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి) 1939లో ప్రతిష్ఠ అయింది, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన కట్టడం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు దోర్నకల్ డయోసిస్ అందులో చేరింది. ఆ సంఘం నేడు ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యురాలు. ఇక్కడి పారిష్ వాళ్లు ఈ చరిత్ర వినలేదు, ఫొటో చూపించగానే కౌన్సిల్‌లో ఇద్దరు లేచి దగ్గరికి వచ్చి చూశారు.

కోశాధికారి

హాలు అద్దె కాక విరాళం కూడా ఇద్దామంటున్నారు. ఇది ప్రభుత్వ చర్చి కదా, రాజుగారి పేరు కూడా ఉంది. జీతాలూ మరమ్మతులూ వాళ్లే చూసుకోరా?

సమన్వయకర్త

చూసుకోరు. రాజు ఈ చర్చికి పరమ పాలకుడు అన్నది నిజమే, అయినా వికార్ జీతానికి పన్నుల సొమ్ము రాదు. ప్రతి పారిష్ తన వంతు డయోసిస్‌కు కడుతుంది, జీతాలు ప్రధానంగా అక్కడి నుంచే వస్తాయి. కప్పు, వేడి, దీపాల ఖర్చు పారిష్‌దే. ఆదివారానికి ముప్పై మంది వచ్చే చోట మన హాలు అద్దె చిన్న మొత్తం కాదు. విరాళం కప్పు మరమ్మతు నిధికి అని రాసి ఇవ్వండి.

తెలుగు పాఠం చదివేవారు

రెండో పాఠం నేను తెలుగులో చదువుతున్నాను, వికార్ గారు ఒప్పుకున్నారు. పాత అనువాదమే చదవనా? మా అమ్మగారికి అదే చెవికి అలవాటు.

సమన్వయకర్త

అదే చదవండి అక్కా. కాకపోతే ఆ భాగం ఇంగ్లీషులో అచ్చువేసి ముందే అందరి చేతుల్లో పెట్టాలి. జనానికి అర్థం కాని భాషలో బహిరంగ ప్రార్థన చేయకూడదని 24వ అధికరణం. మన పెద్దలకు కీర్తనల తెలుగు పాఠం ఇవ్వడమూ ఆ నియమానికి లోబడే. ఒకే కాగితం, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు, పెద్ద అక్షరాలు.

పిల్లల విభాగం

గంటల గోపురం ఎక్కించమని పిల్లలు గొడవ చేస్తున్నారు.

సమన్వయకర్త

మూడున్నరకు ఎనిమిదేళ్లు దాటినవారిని ఆరుగురు చొప్పున తీసుకెళతారు. తాడు మీద చేతికి పట్టు దొరికేలా రంగుల ఉన్నితో అల్లిన లావైన భాగం ఉంటుంది, పిల్లల చేయి ముందు దాని మీదికే పోతుంది. ఎవరూ తాకకూడదు. నోరు పైకి తిప్పి నిలిపిన గంట తాడు లాగితే మనిషినే ఎత్తేస్తుంది. గోపురంలో ఆరు గంటలు ఉన్నాయి, ఏ వరుసా మళ్లీ రాకుండా వాటిని 720 విధాలుగా మోగించవచ్చు. లెక్కలంటే ఇష్టపడే పిల్లలకు ఈ చిక్కు ముందే ఇవ్వండి, పైకి వెళ్లాక మోగించేవారు జవాబు చూపిస్తారు.

ఇక మిగిలినవి: ద్వారం దగ్గర కాగితాలు పంచడానికి ఇద్దరు కావాలి, ఒకరు తప్పకుండా పెద్దవాళ్లతో ఓపికగా మాట్లాడగలవారు. ప్రార్థన జరిగేటప్పుడు ఫొటోలు, వీడియోలు వద్దు, అయిదింటి తరువాత ఎన్నైనా. ముందు రెండు వరుసల్లో మనవాళ్లందరూ ఒకచోట కూర్చోకండి, పారిష్ వాళ్ల మధ్య కలిసి కూర్చోండి, ఎప్పుడు లేవాలో పక్కవాళ్లను చూస్తే తెలుస్తుంది. అచ్చుకు గురువారం లోపు పంపాలి, తెలుగు పాఠం అక్షర దోషాలు చూడటానికి ఇంకొకరు ఈ రాత్రికల్లా పేరు ఇవ్వండి.

పెద్దల తరఫున

అక్షర దోషాలు నేను చూస్తానమ్మా. మా ఇంటి నుంచి నలుగురం వస్తున్నాం, పక్కింటివారు ఇద్దరు.