బీఎడ్ అయింది, మొదటి టీచర్ ఉద్యోగానికి ఎలా సిద్ధం కావాలి?

కొత్తపంతులమ్మ (గుంటూరు):
బీఎస్సీ తరువాత భౌతిక శాస్త్రం మెథడాలజీతో రెండేళ్ల బీఎడ్ పూర్తి చేశాను. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పేపర్-2లో 150కి 104 మార్కులు వచ్చాయి. 16,347 పోస్టులతో 2025లో వచ్చిన మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) ముగిసిపోయింది కనుక, తరువాతి నోటిఫికేషన్ దాకా ఇంట్లో కూర్చుని చదువుకోవాలా, ఏదైనా ప్రైవేటు బడిలో చేరాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే సోమవారం ఒక బడిలో డెమో ఉంది. పదో తరగతికి కాంతి వక్రీభవనం చెప్పమన్నారు. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

నల్లబల్ల:
డెమో దగ్గర పడింది కాబట్టి ముందుగా దాని సంగతే చెబుతాను. నా మొదటి డెమోలో ఇదే పాఠాన్ని నిర్వచనంతో మొదలుపెట్టి, స్నెల్ నియమం, సూత్రం, ఒక లెక్క వరకు పన్నెండు నిమిషాల్లో పరుగెత్తించి, ఎంత బాగా చెప్పానో అనుకుంటూ వెనక్కి తిరిగాను. ప్రిన్సిపాల్ గారు పాఠం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, "మూడో బెంచీలో కుర్రవాడు ఇంతసేపూ ఏం చేస్తున్నాడో చూశారా?" అని మాత్రం అడిగారు. నేను చూడలేదు, ఆ ఉద్యోగమూ రాలేదు.

రెండో చోటికి ఇంటి నుంచి ఒక స్టీలు గిన్నె పట్టుకెళ్లాను. అడుగున రూపాయి బిళ్ల వేసి, గిన్నె అంచు అడ్డొచ్చి బిళ్ల కనిపించకుండా పోయేంత దూరం ఒక అబ్బాయిని వెనక్కి జరిపి, తల కదపవద్దని చెప్పి, మెల్లగా నీళ్లు పోశాను. "వచ్చింది సార్, పైకి వచ్చింది!" అని వాడు అరిచాక "బిళ్ల కదిలిందా?" అన్న ఒక్క ప్రశ్నతో తరగతి తనంతట తానే నడిచింది. వక్రీభవనం అన్న మాటను చివరి మూడు నిమిషాల్లో గానీ బోర్డు మీద రాయలేదు. బీఎడ్‌లో మార్కుల కోసం రాసిన పాఠ్య ప్రణాళికలు ఇక్కడ అక్షరాలా పనికిరావు. వాటిలోని ప్రేరణ సోపానం, అంటే పాఠానికి ముందు పిల్లల్లో ఆసక్తి పుట్టించే మెట్టు మాత్రం నిజంగా పనికొస్తుంది.

పల్లెబడి:
డీఎస్సీ సంగతి నేను చెబుతాను. తుది ర్యాంకులో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఉంటాయి. మీ 104కు వచ్చేది 13.87, మళ్లీ రాసి 120 తెచ్చుకుంటే అది 16 అవుతుంది. డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకు అర మార్కే కనుక ఈ తేడా నాలుగు ప్రశ్నలకు పైమాటే. కాబట్టి అర్హత వచ్చింది కదా అని టెట్‌ను వదిలేయకండి.

స్థానికత చూపించడానికి నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. నేను ఐదో తరగతి చదివిన బడి మూతపడడంతో, చదవాల్సిన రోజుల్లో ఆ ఒక్క కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను.

తెల్లచాక్‌పీసు:
బీఎడ్‌తో ఎస్జీటీకి (ప్రాథమిక తరగతుల టీచర్ పోస్టుకు) కూడా దరఖాస్తు చేసుకోవచ్చా?

పల్లెబడి:
కుదరదండీ. ప్రాథమిక తరగతులు బోధించడానికి బీఎడ్ అర్హత చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పోస్టులకు డీఎడ్ (ప్రాథమిక బోధనలో డిప్లొమా) ఉండాలి. మీకు స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు సబ్జెక్టు టీచర్) పోస్టులు ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూలు స్థాయి టీచర్) కావాలనుకుంటే సీటెట్ (కేంద్రం నిర్వహించే టెట్) పేపర్-2 విడిగా రాయాలి.

సుద్దముక్క (హైదరాబాదు):
అమ్మా, చేరితే చేరండి, తరగతి గదిలో ఒక్క ఏడాది నేర్పేది కోచింగులో దొరకదు. అయితే ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. నా మొదటి బడివారు "మా పద్ధతి ఇంతే" అంటూ వాటిని బీరువాలో పెట్టుకున్నారు. మధ్యలో సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వస్తే, విద్యాసంవత్సరం ముగిసేదాకా ఇవ్వమన్నారు. చివరికి ఒక నెల జీతం వదులుకుని తెచ్చుకున్నాను. ఇప్పుడు నేను అసలు కాగితాలు చూపించి, జిరాక్సులు ఇచ్చి వస్తాను.

జీతం ఎంతని అడగడానికి మొహమాటపడనివారు కూడా, అది పన్నెండు నెలలకా, పది నెలలకా అని అడగడం మరిచిపోతారు. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలా, రోజుకు ఎన్ని పీరియడ్లు అన్నవి కూడా ముందే అడగండి. రోజుకు ఏడు పీరియడ్లు చెప్పి వచ్చిన మనిషి రాత్రి డీఎస్సీ పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించవు.

కొత్తపంతులమ్మ:
అందరికీ ధన్యవాదాలు. నిన్న డెమో అయింది. నల్లబల్ల గారు చెప్పిన గిన్నె ప్రయోగమే చేశాను. వెనుక బెంచీలవారికి ఏమీ కనిపించకపోవడంతో నలుగురు నలుగురిని ముందుకు పిలవాల్సి వచ్చింది, కంగారులో సగం నీళ్లు బల్ల మీద పోయాయి, సూత్రం దాకా వెళ్లనే లేదు. అయినా కరస్పాండెంట్ గారు చేరమన్నారు. జీతం పదకొండు నెలలకట, రోజుకు ఆరు పీరియడ్లట. ఒరిజినల్స్ అడిగితే సుద్దముక్క మేడమ్ చెప్పినట్లే జిరాక్సులు ఇస్తానన్నాను. కాసేపు నా ముఖం వంక చూసి, రెండు రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. ఈలోగా టెట్ పుస్తకాలు మళ్లీ బయటికి తీశాను.