చీటీ డబ్బుతో బాస్ గిటార్: 25 వేలదా, లక్షకు దగ్గరిదా?

సఖినేటిపల్లి నాలుగు తీగలు అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి మండలంలో ఒక లంక ఊరు. పగలు రొయ్యల మేత కొట్లో లెక్కలు రాస్తాను. ఆదివారం మా చర్చిలో బాస్ వాయిస్తాను. డిసెంబరు వస్తే సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములు, సంక్రాంతి నుంచి తీర్థాలు, తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా. ఏడాదికి ముప్ఫై స్టేజీలకు తక్కువ ఉండవు.

నా దగ్గరున్నది పేరు కూడా చెరిగిపోయిన పాత బాస్. ఎనిమిదేళ్ళ కిందట, ఆర్కెస్ట్రా మానేసి గల్ఫ్ వెళ్ళిపోతున్న ఒక అన్నయ్య దగ్గర 6 వేలకు తీసుకున్నాను. మొదట్లో బాగానే ఉండేది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి తీగలు నెక్ (వేళ్ళతో తీగలు నొక్కే పొడుగు కర్ర) మీద నుంచి పైకి లేచిపోయాయి. ఇప్పుడు పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగ కింద నా చిటికెన వేలి కొస దూరుతోంది. గంట వాయిస్తే ఎడమ మణికట్టు పట్టేస్తుంది. తీగల మీద నుంచి చెయ్యి తీస్తే ఆంప్‌లో గుయ్‌మని ఒకటే మోత, చెయ్యి వేస్తే తగ్గుతుంది.

ఈ నెల చీటీ పాడాను. లక్ష చీటీ, చేతికి 82 వేలు వచ్చాయి. మా ఆవిడే అంది, "ఎనిమిదేళ్ళు దాంతోనే ఈడ్చుకొచ్చారు, ఈసారి మంచిది తెచ్చుకోండి, మళ్ళీ మళ్ళీ కొనలేం" అని. ఆ మాట విన్నప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

మొన్న శనివారం మా బావమరిదిని తీసుకుని రాజమండ్రి వెళ్ళాను. 25 వేల లోపు ఐబనెజ్ జీఎస్ఆర్200, యమహా టీఆర్‌బీఎక్స్174 వాయించి చూశాను. తర్వాత కొట్టాయన మెక్సికోలో తయారైన ఫెండర్ ప్లేయర్ జాజ్ బాస్ చేతికిచ్చాడు. చీటీ డబ్బుకు ఇంకొంచెం కలిపితే అది వస్తుంది. దాని నెక్ మీద అరచెయ్యి పైనుంచి కిందిదాకా జార్చాను, ఎక్కడా ఫ్రెట్ అంచు తగల్లేదు. చవకదాని మీద అదే చెయ్యి జారిస్తే ఎండిన కొబ్బరాకు గీరినట్టు గీసుకుంది. కానీ బావమరిదిని అటు తిరిగి నిలబడమని నాలుగుసార్లు మార్చి మార్చి వాయిస్తే, ఏది ఏదో రెండుసార్లే సరిగ్గా చెప్పగలిగాడు.

నా డౌట్ ఇదండి. ఆ చేతికి తెలిసే తేడాకి అన్ని వేలు పెట్టొచ్చా? మాది సముద్రానికి దగ్గర, ఇనుము ఏదైనా రెండు నెలల్లో తుప్పే. గోదావరి దాటే పంటు మీద, ఆటోల్లో, మంచులో తిరిగే వస్తువు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాలకొల్లు రిపేరు గది సమాధానం:

ఆయ్, చెప్తానండి. ఇంటి వెనక గదిలో పన్నెండేళ్ళుగా గిటార్లు బాగుచేస్తున్నాను.

మీ పాత బాస్ పాడైపోయిందని అనుకోకండి. నాలుగు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు నెక్‌ని 75 కిలోలకు అటూఇటూ బలంతో లాగుతుంటాయి. అంటే మన ధాన్యం బస్తా ఒకటి రాత్రీ పగలూ ఆ కర్రకు వేలాడుతున్నట్టు. దానికి ఎదురు నిలబడడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఇనప కడ్డీ ఉంటుంది. మన గాలిలో తేమ పెరిగి తగ్గినప్పుడల్లా కర్ర కదులుతుంది, కడ్డీని దానికి తగ్గట్టు బిగించాలి, లేదా వదులు చేయాలి. మీరు ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తిప్పించి ఉండరు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, నెక్ బాడీలో కలిసే చోట ఇంకో వేలితో నొక్కి పట్టండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు ఉంటే చాలు. మీదాంట్లో నాలుగైదు కార్డులు పడతాయేమో చూడండి. నెక్ సరిచేశాక బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే దిమ్మ) దగ్గర తీగలు దించితే పన్నెండో ఫ్రెట్ మీద ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లకు వస్తుంది. మీ మణికట్టు నొప్పి సగం అక్కడే పోతుంది.

ఇక డబ్బు సంగతి. చవకదైనా ఖరీదైనదైనా జాజ్ తరహా బాస్ తీగ పొడవు అదే 34 అంగుళాలు, శ్రుతి అదే ఈ, ఏ, డీ, జీ. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ తెచ్చినప్పటి కొలత అది. ధర పెరిగేకొద్దీ మీకు దక్కేది ఎక్కువగా చేతిపని. ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకు అరగదీసి, కొసలు గుండ్రంగా నునుపు చేయడానికి మనిషి గంటలు పడతాయి. చవకదాంట్లో ఆ గంటలే కోసేస్తారు. మీకు గీసుకున్నది అదే. ఏసీ కొట్లో కర్ర ఆరి కుంచించుకున్నా ఫ్రెట్ కొసలు బయటికి పొడుస్తాయి. సన్న ఆకురాయి పట్టుకుని కూర్చుంటే ఒక పూటలో పోయే లోపం అది, దానికోసం 60 వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు. తర్వాత ట్యూనర్లు, అంటే శ్రుతికి తీగ బిగించే మరలు. చవక వాటిలో పళ్ళు వదులుగా ఉంటే శ్రుతి పాట మధ్యలో జారిపోతుంది. ఇవి మార్చుకోవచ్చు. పికప్‌లూ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతాలు) మార్చుకోవచ్చు. తేలిగ్గా మార్చలేనిది నెక్ ఒక్కటే, అది మెలి తిరిగితే ట్రస్ రాడ్ కూడా సరిచేయలేదు. కాబట్టి కొనేటప్పుడు కంటి ముందు తుపాకీలా పట్టుకుని, నట్ (నెక్ కొసన తీగలు ఆనే పట్టీ) వైపు నుంచి రెండు అంచులూ చూడండి. రెండూ ఒకే తీరున సాగితే మంచిది.

ఇంకొకటి తప్పకుండా చూడండి. సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం మీటి వదిలి, ఎంతసేపు మోగుతుందో వినండి. కొన్ని బాస్‌లలో అక్కడొక స్వరం తొందరగా చచ్చిపోతుంది. ఖరీదైన వాటిలోనూ ఉంటుంది, ఒకే మోడల్లో ఒకదాంట్లో ఉండి పక్కదాంట్లో ఉండకపోవచ్చు. నెట్లో ఆర్డరు పెట్టొద్దని నేను చెప్పేది అందుకే.

ముందు మీ పాతది నా దగ్గరికి తీసుకురండి. అది బాగుపడ్డాక వాయించి, అప్పుడు ఏం తక్కువైందో చూసుకుని కొనండి.

భీమవరం మిక్సర్ సమాధానం:

నేను వాయించను, సౌండ్ చూస్తాను. బాస్ లావు తీగ వదిలి మీటితే 41 హెర్ట్జ్. మన ఊళ్ళలో చర్చిల్లో, ఫంక్షన్ హాళ్ళలో గోడకు బిగించిన బాక్సులు అంత కిందికి దిగవు, మీకు వినపడేది ఎక్కువగా దాని పై స్వరాలే. సబ్ బాక్సు (లోతు స్వరాలకే పెట్టే పెద్ద స్పీకరు) లేని చోట లక్ష బాస్ తెచ్చినా ఆ అడుగు రాదు. ముందు ఒక డీఐ బాక్సు (బాస్ సిగ్నల్‌ని దూరంలో ఉన్న మిక్సర్‌కు చెడకుండా పంపే చిన్న పెట్టె) కొనుక్కోండి. బాస్ నుంచి నేరుగా మిక్సర్‌కు ఇరవై మీటర్ల వైరు లాగితే పై మెరుపంతా పోయి మోత మిగులుతుంది.

దీనికంటే ముఖ్యమైన మాట ఎర్తింగ్. బాస్ తీగలు బ్రిడ్జి నుంచి జాక్ దాకా, అక్కడి నుంచి ఆంప్ బాడీ దాకా కలిసే ఉంటాయి. ఆంప్‌కు ఎర్త్ లేకుండా రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి, మైకు ఇంకో లైన్ నుంచి వస్తే, తీగ పట్టుకున్న మనిషి పెదవి మైకుకు తగలగానే షాక్ కొడుతుంది. ఒక తీర్థంలో జనరేటర్ మీద నడుస్తున్న స్టేజి మీద ఇది నా కళ్ళతో చూశాను. కుర్రాడు వెనక్కి పడ్డాడు, దేవుడి దయ వల్ల బతికాడు. నాకు ఇప్పటికీ గుండె దడ. స్టేజి ఎక్కే ముందు టెస్టర్ జేబులో పెట్టుకోండి, ఆంప్ ఇనుముకీ మైకు జాలీకీ తగిలించి చూడండి. వెలిగితే వాయించనని గట్టిగా చెప్పండి.

యానాం ఐదు తీగలు సమాధానం:

పాలకొల్లు అన్నయ్య చెప్పినదాంతో నాకు పేచీ లేదు గానీ, రెండో వైపు కూడా వినండి. నేను మొదట 12 వేలది కొన్నాను, రెండేళ్ళకు 20 వేలది కొన్నాను. ప్రతిసారీ అమ్మేటప్పుడు సగం కూడా రాలేదు. ఆరేళ్ళ కిందట అప్పు చేసి మంచిది తీసుకున్నాను. నెక్ మూడు నాలుగు పొరల చెక్క అతికించింది, లోపల గట్టి కడ్డీలున్నాయి. ఆరు వానాకాలాల్లో రెండేసార్లు ట్రస్ రాడ్ తిప్పాల్సి వచ్చింది. వాయించేటప్పుడు చెయ్యి ఎక్కడుందో ఆలోచించక్కర్లేదు, పాట మీదే మనసు ఉంటుంది. ఇళయరాజా గారి పాట ఒకటి పట్టుకుని అందులో బాస్ నడకను స్వరం స్వరం వెతుక్కుంటూ కూర్చుంటే, పాత బాస్ మీద అరగంటలో విసుగొచ్చేది, దీనిమీద రాత్రి పన్నెండవుతుంది. నెలకు మూడు నాలుగు స్టేజీలుండే మనిషికి అది చిన్న విషయం కాదండి. మీ ఆవిడ గారు చెప్పిన మాటలో న్యాయం ఉంది.

ఒక జాగ్రత్త. యాక్టివ్ బాస్ (లోపల కరెంటుతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. జాక్ గుచ్చి ఉంచినంతసేపూ అది అయిపోతూనే ఉంటుంది. క్రిస్మస్ ముందు రాత్రి, రెండో పాటలో నా బాస్ గొంతు చిట్లినట్టయి సన్నగా అయిపోయింది. సంచిలో ఇంకో బ్యాటరీ ఉండబట్టి గట్టెక్కాను. వాయించడం అవగానే వైరు పీకేయండి.

ఉప్పుగాలికి మందు ఒకటే. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగని కింద నుంచి కూడా తుడవాలి. పైపూత ఉన్న తీగలు దొరుకుతాయి, ధర ఎక్కువే గానీ మన దగ్గర మామూలు వాటికంటే చాలా రోజులొస్తాయి.

సఖినేటిపల్లి నాలుగు తీగలు మళ్ళీ:

ఆలస్యమైంది, క్షమించండి. పంటు దాటి వెళ్ళొచ్చి ఏం జరిగిందో రాద్దామని ఆగాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాత బాస్ భుజాన వేసుకుని పంటెక్కి నరసాపురంలో దిగి పాలకొల్లు వెళ్ళాను. అన్నయ్య దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని అలెన్ కీ పావు తిప్పు తిప్పారు. టీ తాగొచ్చేదాకా అలాగే వదిలేశారు. మళ్ళీ పావు. పాత తీగలు తీసేస్తే వాటి కింద నెక్ మీద ఎనిమిదేళ్ళ మట్టి, నా వేళ్ళు ఎక్కడెక్కడ ఎక్కువగా పడతాయో అక్కడ మాత్రం చెక్క నున్నగా మెరుస్తోంది. పికప్‌ల గూడులో రాగి రేకు అతికించి వైరు టంకం పెట్టారు. కొత్త తీగలతో కలిపి 3,200 అయింది. వాయించి చూస్తే నాదేనా అనిపించింది. మోత పూర్తిగా పోలేదు గానీ పాటలో వినపడనంతగా తగ్గింది. అక్కడే కూర్చుని గంటకు పైనే వాయించాను, మణికట్టు పట్టలేదు.

తర్వాతి శనివారం దాన్ని పట్టుకునే రాజమండ్రి వెళ్ళాను. ఇప్పుడు తేడా ఎక్కడుందో తెలిసింది. ఐదో ఫ్రెట్ లోపల నా పాతది ఎవరికీ తీసిపోదు. పైకి వెళ్ళేకొద్దీ స్వరం పక్కకు పోతోంది, ట్యూనర్లు జారుతున్నాయి. ఫెండర్ మీద పైన కూడా ప్రతి స్వరం నిలబడి పలికింది. యానాం అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. దాన్ని తిరిగి కొట్టాయన చేతిలో పెట్టేటప్పుడు బాధగానే ఉంది.

కానీ తీసుకున్నది యమహా టీఆర్‌బీఎక్స్304. నలభై వేలకు కాస్త అటూఇటూ. రెండు హంబకర్ పికప్‌లు (మోతను తామే కొట్టేసే జంట చుట్టల పికప్‌లు) కాబట్టి జనరేటర్ స్టేజీల మీద మోత బెడద తక్కువ. నా స్టేజీలు అలాంటివే, రికార్డింగులు కావు. జాజ్ బాస్‌లో రెండు పికప్‌లూ సమానంగా తెరిచి ఉంచితేనే మోత కొట్టుకుపోతుందని, ఒకటి తగ్గిస్తే మళ్ళీ వస్తుందని పాలకొల్లు అన్నయ్య ముందే చెప్పారు. నాకు వెనక పికప్ ఒక్కటే వాడే అలవాటు, అందుకే దానివైపు మొగ్గలేదు. మొదట విప్పిన పీసులో సన్న తీగ మీద ఆరో ఫ్రెట్ స్వరం ఇలా మీటితే అలా ఆగిపోయింది. ఇంకోటి చూపించమన్నాను. ఆయన విసుక్కోకుండా రెండో పెట్టె విప్పాడు. దాంట్లో అదే స్వరం నేను నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా మోగింది. అదే తెచ్చుకున్నాను.

డీఐ బాక్సు కూడా కొన్నాను. మా చర్చిలో స్టేజి బోర్డుకి ఎర్త్ లాగించడానికి కరెంటు పనాయనతో మాట్లాడాను, ఈ వారం వస్తానన్నాడు, ఆ ఖర్చు నేనే పెడతానని పెద్దలకు చెప్పాను. మిగిలిన డబ్బు మా ఆవిడకిచ్చేశాను. పాత బాస్ అమ్మడం లేదు. మా గాయక బృందంలో ఇంటర్ చదివే కుర్రాడు నేర్చుకుంటానన్నాడు, వాడికిచ్చాను.

ఇంకో సాయం కావాలి. దీంతోపాటు ఇచ్చిన సంచి పల్చటి గుడ్డ. పంటు మీద గాలివాన వస్తే నిమిషంలో తడిసిపోతుంది. లోపల నురుగు మందంగా ఉండి, జిప్పు మీద రెక్క ఉన్న సంచి ఎవరైనా వాడుతుంటే ఎక్కడ దొరికిందో చెప్పండి.

పాలకొల్లు రిపేరు గది సమాధానం:

సంచి దొరికేదాకా ఎరువు బస్తాల లోపల వచ్చే మందపాటి ప్లాస్టిక్ కవరు శుభ్రంగా కడిగి ఆరబెట్టి, సంచి మీద తొడిగి మూతి కట్టండి. ఇంటికెళ్ళగానే మాత్రం తీసేయండి, లోపల చెమ్మ పట్టనివ్వకండి. నెల రోజులు గడిచాక కొత్తదాన్ని ఒకసారి తెండి, ఇక్కడి గాలికి నెక్ ఎంత కదిలిందో చూద్దాం. కుర్రాడిని కూడా వెంట తీసుకురండి.