పీటీహెచ్ హద్దులోనే ఉంటే పారాథైరాయిడ్ జబ్బు లేనట్టేనా?

పర్లాకిమిడి కూతురు:
మా అమ్మకు 61 ఏళ్లు. ఆరు నెలల్లో మూడుసార్లు కాల్షియం పరీక్ష చేయించాం: 10.7, 10.9, 10.8. ల్యాబ్ వేసిన పైహద్దు 10.5. పారాథైరాయిడ్ గ్రంథులు వదిలే హార్మోను, పీటీహెచ్, 54 వచ్చింది, దాని హద్దు 15 నుంచి 65. "పీటీహెచ్ మామూలుగానే ఉంది, పారాథైరాయిడ్ అనుకోనక్కర్లేదు, వయసు" అని ఇక్కడి డాక్టరు గారు రిపోర్టు మడిచి చేతికిచ్చారు. నాకు మనసు ఒప్పడం లేదు.

థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత ఉండే ఆ నాలుగు పారాథైరాయిడ్ గ్రంథుల పని, రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు పీటీహెచ్ వదిలి పైకి తేవడం. కాల్షియం పెరిగితే అవి ఊరుకోవాలి. 10.8 దగ్గర పీటీహెచ్ బాగా కిందికి దిగిపోవాలి. ఇంకా 54 ఉంటే అది మామూలెలా అవుతుంది? తొట్టె నిండి పొర్లుతుంటే, కుళాయి సగమే తిప్పి ఉందిలే అని సరిపెట్టుకుంటామా? నాలుగేళ్ల కిందట అమ్మకు కిడ్నీలో రాయి పడింది. ఇప్పుడు పీట మీద నుంచి లేవాలంటే ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చేత్తో గుమ్మం పట్టుకుంటుంది. దీన్ని వయసు మీదికి తోసేయడం అన్యాయం.

రాయగడ మాస్టారు:
అమ్మాయీ, తొందరపడి జబ్బుకు పేరు పెట్టవద్దు. రెండేళ్ల కిందట నాకు పీటీహెచ్ 98 వచ్చింది, కాల్షియం మాత్రం 9.3. కాల్షియం పెరగకుండా కూడా ఈ జబ్బు వస్తుందని ఎవరో చెప్పగానే మెడకు స్కాన్ తీయించుకున్నాను. ఏమీ కనబడలేదు, భయమూ పోలేదు. చివరికి విశాఖపట్నంలో విటమిన్ డి చూస్తే 11, బాగా తక్కువ! నాలుగు నెలలు మందు వాడాక పీటీహెచ్ 51కి దిగింది. స్కాన్ జబ్బును తేల్చదు. జబ్బు తేలి, ఆపరేషన్ అనుకున్నాక ఏ గ్రంథి ఉబ్బిందో వెతకడానికే అది. ముందు విటమిన్ డి చూపించండి, తరువాతే వాదన.

బరంపురం ల్యాబ్ టెక్నీషియన్:
మాస్టారు గారూ, మీకు కాల్షియం సరిగా ఉండి పీటీహెచ్ పెరిగింది. అమ్మగారికి పెరిగింది కాల్షియం. డి లోపం ఒక్కటే కాల్షియాన్ని పైకి తేదు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలన్న అక్కగారి మాటే నాకు సరి అనిపిస్తోంది.

అయితే అక్కా, ఆ 10.8ని కూడా నిలదీయాలి. రక్తం తీసేటప్పుడు రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే కాల్షియం ఎక్కువ చూపిస్తుంది. రక్తంలో కాల్షియం కొంత అల్బుమిన్ అనే ప్రోటీనుకు అంటుకుని ఉంటుంది, కనుక దాని అంకె కూడా తెలియాలి. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు మింగేవారికి చాలా యంత్రాల్లో పీటీహెచ్ ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. బీపీ మాత్ర ఏమిటో చూశారా? థయాజైడ్ రకమైతే మూత్రంలో పోవలసిన కాల్షియాన్ని ఆపేస్తుంది.

పర్లాకిమిడి కూతురు:
ఇప్పుడే స్ట్రిప్పు తిప్పి చూశాను. రెండో మందుగా, చీమ తలకాయంత అక్షరాల్లో హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 అని ఉంది. మూడేళ్లుగా వేసుకుంటోంది, ఒక్కరూ అడగలేదు! కానీ తమ్ముడూ, మాత్ర వల్లే పెరిగితే గ్రంథులు నెమ్మదించాలి కదా?

బరంపురం ల్యాబ్ టెక్నీషియన్:
నెమ్మదించాలి. లోపల దాగిన జబ్బును ఈ మాత్రే బయటపెట్టడమూ ఉంది. మీరుగా ఆపవద్దు. డాక్టరు గారు మాత్ర మార్చాక, కొంతకాలం ఆగి, ఒకే రక్తంలో రెండూ మళ్లీ చూడాలి. అప్పుడే 24 గంటల మూత్రంలో కాల్షియం కూడా. అది మరీ తక్కువైతే వంశపారంపర్యంగా వచ్చే వేరే స్థితి కావచ్చు. దానికి సాధారణంగా గ్రంథి తీయించినా ఫలితం ఉండదు.

రాయగడ మాస్టారు:
విటమిన్ డి ఒక్కటే పట్టుకుని వాదించాను, ఒప్పుకుంటున్నాను. కిడ్నీ సంగతి మరవకండి. కిడ్నీ మందగించినా పీటీహెచ్ పెరుగుతుంది. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం మన పక్కనే ఉంది.

పర్లాకిమిడి కూతురు:
అమ్మ పుట్టిల్లు ఉద్దానమే మాస్టారూ, ఆ భయంతోనే ఏటా చూపిస్తాం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, మామూలుగానే ఉంది. సోమవారం స్ట్రిప్పు, మూడు రిపోర్టులు ఒకే కవరులో పెట్టుకుని హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ముంజేతి ఎముక సాంద్రత కూడా అడుగుతాను. పోయినసారి నడుము, తుంటి మాత్రమే చూశారు. ఈ జబ్బు ముందు తినేది ముంజేతినే.