ఇఫ్‌డెఫ్‌లున్న సీ కోడ్‌లో అన్ని వేరియంట్లనీ ఒకేసారి టైప్ చెక్ చేయడం ఎలా?

నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్ట్ కోసం ఒక ఎంబెడెడ్ సీ కోడ్ తీసుకున్నాను. దీని నిండా ఇఫ్‌డెఫ్‌లే, అంటే ఫలానా ఆప్షన్ ఆన్‌లో ఉంటేనే ఆ కోడ్ ముక్కని కంపైల్‌లో చేర్చమనే ఆదేశాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆన్/ఆఫ్ ఆప్షన్లు 33 ఉంటే చాలు, వేరియంట్లు (ఆప్షన్ల కాంబినేషన్లు) 850 కోట్లు దాటిపోతాయి. ఇందులో అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఒక్కొక్కటీ కంపైల్ చేయడం అయ్యే పని కాదు.

నిన్న దొరికిన ఎర్రర్ చూడండి. ఒక స్ట్రక్ట్‌ని లాగింగ్ ఇఫ్‌డెఫ్ లోపల డిఫైన్ చేశారు, వాడింది మాత్రం నెట్‌వర్క్ ఇఫ్‌డెఫ్‌లో. లాగింగ్ ఆఫ్, నెట్‌వర్క్ ఆన్ పెడితేనే బయటపడుతుంది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని టెన్షన్‌గా ఉంది.

ఇఫ్‌డెఫ్‌లను తీసేయకుండానే పార్స్ చేసే టైప్‌చెఫ్, సూపర్‌సీ అనే టూల్స్ గురించి చదివాను. టైప్ చెకింగ్ కూడా కావాలి కాబట్టి టైప్‌చెఫ్ వైపే మొగ్గుతున్నాను. కెకాన్ఫిగ్‌లోని నియమాలను (ఏ ఆప్షన్ దేనితో కలిసి ఉండొచ్చో చెప్పేవి) దానికి ఎలా ఇవ్వాలి? ఇవ్వకపోతే చెల్లని కాంబినేషన్లకూ ఎర్రర్లు చూపిస్తుంది కదా. వాడినవాళ్లుంటే దయచేసి చెప్పండి.