ఏడబ్ల్యూడీ ఎస్‌యూవీకి వింటర్ టైర్లు నిజంగా కావాలా? ఆల్ వెదర్‌తో సరిపెట్టుకోవచ్చా?

చలికి కొత్త (బ్రాంప్టన్)
అందరికీ నమస్కారం. మొన్న ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి కెనడా వచ్చాం, ఇక్కడ మాకిదే మొదటి చలికాలం. సెకండ్ హ్యాండ్‌లో 2020 రావ్4 తీసుకున్నాం. ఏడబ్ల్యూడీ బండి (ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ అందుతుంది), 235/55 ఆర్19 సైజు మామూలు ఆల్ సీజన్ టైర్లు. మా ఆవిడ ఉద్యోగం ఇక్కడికి ఉత్తరాన ఉన్న బ్యారీలో. వారంలో సగం రోజులు తెల్లవారకముందే బయలుదేరి హైవే 400 మీద వెళ్లాలి. బండి అమ్మిన డీలరేమో "ఏడబ్ల్యూడీ ఉందిగా, ఈ టైర్లు చాలు" అన్నాడు. ఆఫీసులో ఒకాయన వింటర్ టైర్లు లేకుండా ఆ రోడ్డెక్కద్దంటాడు. ఇంకొకాయన ఆల్ వెదర్ (మంచుకూ పనికొచ్చేలా చేసిన, ఏడాదంతా ఉంచుకునే టైర్లు) వేసేస్తే నిశ్చింత అంటాడు. వింటర్ టైర్లు, రిమ్ములు కలిపి 1,500 డాలర్ల పైమాటే చెప్పారు. అవసరమైతే పెడతాను, ఊరికే తగలేయడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

మిసిసాగా మామ
అక్కర్లేదు బాబూ. 2012 నుంచి ఇక్కడే ఉన్నా, అప్పటినుంచీ ఎస్‌యూవీయే, ఎప్పుడూ ఆల్ సీజన్ టైర్లే. మంచు పడడం ఆలస్యం, ఉప్పు లారీలు దిగుతాయి. మధ్యాహ్నానికి రోడ్డు నల్లగా తేలుతుంది. మరీ దంచికొట్టిన రోజు ఇంట్లోంచే పని. ఒంటారియోలో వింటర్ టైర్లు వేయాలని చట్టమైనా లేదు. టైర్ల కంపెనీలు భయపెట్టి అమ్ముకుంటాయి, కొత్తగా వచ్చిన మనవాళ్లు మొదటి ఏడాదే పర్సు విప్పేస్తారు.

స్పానర్ (వాన్)
మామగారూ, మీరు చెప్పేది మిసిసాగా సంగతి. ఆయన అడుగుతున్నది బ్యారీ గురించి. జార్జియన్ బే మీదుగా వచ్చే చలిగాలి నీళ్ల మీది తేమ పట్టుకొచ్చి ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. దారిలో కింగ్ సిటీ దగ్గర ఎండ కాస్తుంటే ఇన్నిస్‌ఫిల్ దగ్గర ముందున్న లారీ లైట్లు కూడా కనపడని రోజులుంటాయి. అదీగాక ఆవిడ వెళ్లేది తెల్లారకముందు. మీ నల్లరోడ్డు తేలేది మధ్యాహ్నానికి.

నేను టైర్ల షాపులోనే పని చేస్తాను కాబట్టి అమ్ముకోవడానికి చెప్తున్నానని అనుకున్నా సరే. ఏడబ్ల్యూడీ బండిని కదిలించడానికి పనికొస్తుంది. ఆపడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, అక్కడ ఏడబ్ల్యూడీ కలిపేదేమీ లేదు. పైగా ఎస్‌యూవీ బరువు ఎక్కువ. సిగ్నల్ పడగానే సాఫీగా ముందుకెళ్తుంది కదా, ఆ ధైర్యంతో స్పీడు పెంచుతారు. అసలు సంగతి తర్వాతి సిగ్నల్ దగ్గర తెలుస్తుంది.

ఇక రబ్బరు. 7 డిగ్రీల కంటే చలి పెరిగితే ఆల్ సీజన్ రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది, జనవరిలో మన కొబ్బరినూనె సీసాలాగే. వింటర్ టైరు రబ్బరు మైనస్ 20లో కూడా మెత్తగానే ఉండి రోడ్డును పట్టుకుంటుంది. అందుకే మంచు లేని పొడి రోడ్డు మీద కూడా చలిలో తేడా తెలుస్తుంది.

మిసిసాగా మామ
సరే, మరి ఆల్ వెదర్ మాటేమిటి? వాటి మీద కూడా మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉంటుంది. వింటర్ టైరు మీదా అదే గుర్తు. రెండూ ఒకే పరీక్ష పాసైతే రెండు సెట్లు ఎందుకు మోయాలి?

స్పానర్ (వాన్)
మంచి ప్రశ్న. ఆ గుర్తు కోసం చూసేది ఒక్కటే: గట్టిపడిన మంచు మీద బండిని ముందుకు లాగే పట్టు ఒక ప్రామాణిక టైరుతో పోలిస్తే ఎంత ఎక్కువ అని. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో నిలబడుతుందా అన్నవి ఆ పరీక్షలో లేవు. పాసు మార్కులు వచ్చినవాడూ, నూటికి తొంభై వచ్చినవాడూ ఇద్దరికీ అదే గుర్తు. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని మాత్రమే రాసి ఉంటే అసలు పరీక్షే లేదు, టైరు మీది గాడుల ఆకారం చూసి వేసుకునే ముద్ర అది.

క్రాస్‌క్లైమేట్ 2 లాంటి ఆల్ వెదర్‌లు చెత్త టైర్లని నేననను. ఊళ్లో తిరిగేవాళ్లకు, కాండోలో (అపార్ట్‌మెంటులో) ఉండి రెండో సెట్ పెట్టుకునే చోటు లేనివాళ్లకు నేనే సిఫారసు చేస్తాను. మంచు మీద మామూలు ఆల్ సీజన్ కంటే చాలా నయం. ఐస్ మీద మాత్రం ఎక్స్-ఐస్, బ్లిజాక్, హక్కపెలీట్టా లాంటి అసలు వింటర్ టైర్ల పక్కన నిలవలేవు.

ఇంకోటి, కంపెనీలు భయపెట్టి పుట్టించిన సరుకని అన్నారు. ఫిన్లాండులో నోకియన్ వాళ్లు లారీల కోసం మొదటి వింటర్ టైరు తయారు చేసింది 1934లో.

నైట్ షిఫ్ట్ (సడ్‌బరీ)
నేను నర్సునండి. పొద్దున ఏడింటికి డ్యూటీ దిగి ఇంటికొస్తాను, కాబట్టి మీ ఆవిడ పరిస్థితి నాకు బాగా తెలుసు. మంచు కంటే భయపడాల్సింది స్టాప్ సైన్ ముందు ఉండే ఆ పది అడుగులకి. రాత్రంతా వచ్చిన ప్రతి బండీ అక్కడే బ్రేక్ వేసి, అక్కడే చక్రాలు తిప్పి, మంచును అద్దంలా నున్నగా చేసి పెడుతుంది. చూడ్డానికి తడిరోడ్డులానే ఉంటుంది. ఆల్ సీజన్ టైర్లతో అక్కడ బ్రేక్ నొక్కితే పాదం కింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) టకటకమని కొట్టుకుంటుంది, బండి మాత్రం తన దారిన తాను జారుతూనే ఉంటుంది. చేతిలో స్టీరింగ్ ఉన్నా లేనట్టే. వింటర్ టైర్లు ఉన్నా జారదని కాదు, జారినా మధ్యలో ఎక్కడో పట్టు దొరుకుతుంది.

మేకుల టైర్లు వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒంటారియోలో అవి మా ఉత్తరం వాళ్లకే అనుమతి, బ్రాంప్టన్ బండికి కుదరదు.

పూతరేకు (మాంట్రియల్)
"చట్టం లేదు" అన్న మాటకి చిన్న చేర్పు. క్యుబెక్‌లో 2008 నుంచి ఉంది. ఇప్పుడు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఇక్కడ రిజిస్టరైన ప్రతి కారుకూ తప్పనిసరి, లేకపోతే 200 నుంచి 300 డాలర్ల ఫైను. అయితే ఆ కొండగుర్తు ఉన్న ఆల్ వెదర్‌ను కూడా చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి మామగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా మా వీధిలో చూస్తే ఎక్కువమంది అసలు వింటర్ టైర్లే వేస్తారు.

లెక్కల మాస్టారు (మార్కమ్)
1,500 అంతా ఖర్చు కాదండి. వింటర్ సెట్ మీద తిరిగినన్నాళ్లు మామూలు సెట్ అరగదు కదా. రెండూ పంచుకుంటాయి. పైగా 2016 నుంచి ఒంటారియోలో ఇన్సూరెన్స్ కంపెనీలు వింటర్ టైర్లకి తగ్గింపు ఇవ్వాలి, అడగకపోతే కొందరు గుర్తు చేయరు. ఫోన్ చేసి అడగండి.

అసలు ఆదా రిమ్ములో ఉంది. 19 అంగుళాల సైజులోనే కొనకండి. అదే రావ్4 కింది మోడళ్లకి ఫ్యాక్టరీ సైజు 225/65 ఆర్17. స్టీలు రిమ్ములు చాలు. టైరు కాస్త సన్నం, పక్కగోడ ఎత్తు, కాబట్టి మార్చిలో గుంతలు తేలినప్పుడు రిమ్ము అంత తేలిగ్గా వంగదు. ధరలోనూ బాగా తేడా వస్తుంది. బండికి సరిపోతుందో లేదో మాత్రం షాపులో ఖాయం చేసుకోండి.

మిసిసాగా మామ
మాస్టారూ, లెక్కలో ఒక గడి వదిలేశారు. రెండు సెట్లు పంచుకుంటాయి నిజమే, కానీ తక్కువ తిరిగేవాడికి టైరు అరిగే లోపే ముసలిదవుతుంది. ఆరేడేళ్లకి రబ్బరు ఎలాగూ గట్టిపడుతుంది, గాడులు ఎంత లోతున్నా పారేయాల్సిందే. నాలాంటివాడికి రెండో సెట్ అంటే దండగే. రోజూ బ్యారీ వెళ్లేవాళ్ల సంగతి వేరంటే ఒప్పుకుంటా.

లెక్కల మాస్టారు (మార్కమ్)
తక్కువ తిరిగేవాళ్ల విషయంలో మీ లెక్కే కరెక్టు. ఆవిడ మాత్రం రెండు సెట్లూ అరగదీస్తుంది, చూడండి.

స్పానర్ (వాన్)
కొనేటప్పుడు ఇవి చూసుకోండి. నాలుగూ వేయాలి. ముందు రెండే వేస్తే మలుపులో వెనక భాగం తిరిగిపోతుంది, ఏడబ్ల్యూడీ గేర్ల మీదా భారం పడుతుంది. టైరు పక్కన డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ. 3524 అంటే 2024లో 35వ వారం. ఏళ్ల నాటి స్టాకు డిస్కౌంటులో అంటగడితే వద్దనండి. కొత్త రిమ్ములకి ప్రెజర్ సెన్సర్లు లేకపోతే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటుకి అలవాటు పడడం మంచిది కాదు, ఎందుకంటే ఐదారు డిగ్రీలు చలి పెరిగినప్పుడల్లా ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున గాలి దిగుతుంది. చక్రాలు మార్చాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ బిగించాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

చలికి కొత్త (బ్రాంప్టన్)
అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడే మా ఆవిడకి మొత్తం చదివి వినిపించా. స్టాప్ సైన్ ముందు పది అడుగులు అన్న దగ్గరే ఆవిడ తేల్చేసింది. 17 అంగుళాల స్టీలు రిమ్ములతో వింటర్ సెట్ తీసుకుంటున్నాం. అపాయింట్‌మెంట్ ఎప్పటికి పెట్టుకోమంటారు?

స్పానర్ (వాన్)
అక్టోబర్ ఆఖరు వారానికి ఇప్పుడే బుక్ చేయండి. మొదటి మంచు పడిన మర్నాడు మా షాపు ముందు లైను రోడ్డు దాకా ఉంటుంది.

మిసిసాగా మామ
ఏప్రిల్‌లో విప్పడానికి కూడా ఇప్పుడే తేదీ తీసుకో బాబూ. ఆ మెత్తటి రబ్బరు ఎండరోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది. అప్పుడు మాస్టారి లెక్క కూడా తప్పుతుంది.