సూపర్ మార్కెట్‌లో జారిపడి మా చెల్లి చెయ్యి విరిగింది, ఈఎస్ఐ డబ్బు ఎలా వస్తుంది?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక. మా చెల్లి ఇక్కడ ఒక సూపర్ మార్కెట్‌లో సరుకులు సర్దే పని చేస్తుంది. పది రోజుల క్రితం నూనె ప్యాకెట్ చిరిగి నేలంతా కారింది. ఎవరూ తుడవలేదు, అడ్డంగా ఒక స్టూలు కూడా పెట్టలేదు. బియ్యం బస్తా పట్టుకుని వస్తూ జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కంగారులో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాం. ఆరు వారాలు ఆ చేత్తో పని చేయకూడదన్నారు.

మేనేజర్ మాత్రం "చూసుకుని నడవాలి కదా" అంటున్నాడు. రానన్ని రోజులకు జీతం ఇవ్వరట. నాకు చాలా బాధేసింది. బస్తా మోస్తున్న మనిషికి కాళ్ల కింద ఏముందో ఎలా కనిపిస్తుంది?

దాని జీతం 13,600. పే స్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద నెలకు 102 రూపాయలు కోస్తున్నారు. పనిలో దెబ్బ తగిలితే ఈఎస్ఐ నుంచి జీతంలో 90 శాతం వరకు వస్తుందని చదివాను. అయితే ప్రమాదం సంగతి యజమాని రాసి పంపాలంట. వీళ్లు పంపకపోతే మేమే నేరుగా ఇవ్వొచ్చా? మొదట ప్రైవేటులో చూపించాం కాబట్టి మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారా? కూడా పనిచేసే అమ్మాయిలు ఇద్దరు చూశారు, కానీ ఉద్యోగం పోతుందని సంతకానికి భయపడుతున్నారు. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ముందు ఎక్కడికి వెళ్లారో చెప్పండి, ప్లీజ్.