థర్మోస్టాట్ వాల్వ్ పీకేయాలా, ఉంచాలా? (పాత మారుతి 800, ఘాట్‌లో వేడెక్కుతోంది)

పలమనేరు_పిల్లోడు:
నాన్న వాడిన 2004 మోడల్ మారుతి 800, ఏసీ ఉన్నది. ఇప్పుడు బెంగళూరు మారతహళ్ళిలో నా దగ్గరుంది. ఉదయం ఆరింటికి ఖాళీ రోడ్డు మీద బయల్దేరితే దొమ్ములూరు దాటేదాకా, అంటే ఎనిమిదీ తొమ్మిది కిలోమీటర్లు, టెంపరేచర్ ముల్లు కింద నుంచి లేవదు. సాయంత్రం సిల్క్ బోర్డు జామ్‌లో ఇరుక్కున్నా సగం దగ్గరే ఆగుతుంది, ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినబడుతుంది. బాధంతా ఊరెళ్ళినప్పుడే. పోయిన ఆదివారం చిత్తూరు నుంచి తిరిగొస్తూ నలుగురం ఏసీ వేసుకుని మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. పక్కకి ఆపాను. తమ్ముడు రాడియేటర్ మూత తీయబోతే ఒక్క అరుపు అరిచాను, లేకపోతే ముఖం కాలేది.

ఇంజిన్ వేడిని బట్టి రాడియేటర్‌కి నీళ్ళు వదిలే ఈ థర్మోస్టాట్ వాల్వ్ గురించి ఇక్కడి మెకానిక్ ఏమంటాడంటే, "థర్మోస్టాట్ చలిదేశాల బండ్లకి సార్, మన ఎండలకి అదెందుకు? పీకేస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి." ఆఫీసులో ఒకాయనేమో అది పీకితే ఇంజిన్ పాడైపోతుందని బెదిరిస్తున్నాడు. ఎవరి మాట వినాలి?

పుదుపేట_మేనల్లుడు:
పీకేయ్ బ్రో. మా మామకి చెన్నై పుదుపేటలో షెడ్డు ఉంది, నేను అక్కడే పెరిగాను. మేలో మా ఊరి ఎండ సంగతి నీకు తెలుసు కదా. అంబాసిడర్ టాక్సీల కాలం నుంచీ షెడ్డుకి వచ్చిన బండ్లకి మామ వాల్వ్ తీసి పక్కన పడేసేవాడు, ఒక్కడూ తిరిగొచ్చి గొడవపడలేదు. నా ఓమ్నీకి మాత్రం కంపెనీ పార్టు కదా అని ఉంచాను. తడ దాటాక అది మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయి హెడ్ గ్యాస్కెట్, అదే ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు, పోయింది. లేని పార్టు చెడిపోదు, అంతే.

లెక్కలమాస్టారు:
మేనల్లుడు గారూ, మీ ఓమ్నీకి జరిగింది నిజమే అయ్యుంటుంది, కానీ దాన్నిబట్టి చలిదేశాల పార్టు అనేయడం తప్పు. బయట 10 డిగ్రీలున్నా 42 ఉన్నా ఇంజిన్ లోపల నీళ్ళు 90కి అటూఇటూ ఉండాలి. ఆ వాల్వ్‌లో మైనం ఉంటుంది. సాధారణంగా 82 డిగ్రీల దగ్గర ఆ మైనం కరిగి ఉబ్బి తలుపు తెరవడం మొదలుపెడుతుంది, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అంతదాకా రాడియేటర్‌కి నీళ్ళు పోనివ్వదు. ఘాట్‌లో ముల్లు ఎర్ర గీత దగ్గరున్నప్పుడు బాగున్న వాల్వ్ ఎలాగూ బార్లా తెరిచే ఉంటుంది. దాన్ని పీకి మీరు సాధించేది దాదాపు సున్నా.

పీకితే పోయేదేమిటో కూడా చెప్తాను. ఇంజిన్ కావలసినంత వేడికి త్వరగా రాదు. ఆయిల్ చిక్కగానే ఉండిపోతుంది, అందులో చేరిన తేమా పెట్రోలూ ఆవిరైపోవు. 2004 బండి కాబట్టి కార్బ్యురేటర్ కాదు, పెట్రోలు ఇంజెక్షన్. లోపలి కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

రియర్‌వ్యూ:
మాస్టారు అసలు పాయింట్ వదిలేశారు. వాల్వ్ లేకపోతే నీళ్ళు రాడియేటర్‌లో మరీ వేగంగా పరిగెడతాయి, చల్లారే టైమ్ దొరకదు. అందుకే పీకితే ఇంకా వేడెక్కుతుంది.

లెక్కలమాస్టారు:
నా పక్షం మాట్లాడుతున్నారు కాబట్టి ఊరుకోవాలి గానీ, అది కూడా అపోహే. దబరా గ్లాసులో కాఫీ నిదానంగా తిరగబోస్తే త్వరగా చల్లారుతుందా, చకచకా పోస్తేనా? ఒక్కో చుట్టులో తక్కువ వేడి పోయినా, చుట్లు ఎక్కువ. నష్టం వేరే దారిలో వస్తుంది. కొన్ని ఇంజిన్లలో ఈ వాల్వ్ రెండు పనులు చేస్తుంది: రాడియేటర్ దారి తెరిచేటప్పుడే బైపాస్ దారి మూస్తుంది. అలాంటి దాంట్లో వాల్వ్ పీకితే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొన్ని నీళ్ళు రాడియేటర్ మొహమే చూడకుండా మళ్ళీ ఇంజిన్‌లోకి పోతాయి. అప్పుడు నిజంగానే వేడెక్కుతుంది.

పుదుపేట_మేనల్లుడు:
లెక్కలు బాగున్నాయి సార్. రాత్రి పదకొండింటికి గుమ్మిడిపూండి దగ్గర ఇంజిన్ పొగలు కక్కుతుంటే వాల్వ్ పీకి ఇంటికి చేరినవాడికి ఈ లెక్కలు ఎక్కవు.

ఆయిల్‌మరక:
దారిలో పీకి ఇంటికి చేరడం వేరు, పీకి పదేళ్ళు వదిలేయడం వేరు. సరే, మీరిద్దరూ కొట్టుకోండి గానీ, పలమనేరు తమ్ముడు రాసింది ఎవరైనా సరిగ్గా చదివారా?

జామ్‌లో వేడెక్కి, హైవే మీద తగ్గితే అనుమానం ఫ్యాన్ మీద: మోటార్, స్విచ్, ఫ్యూజ్. ఇక్కడ ఫ్యాన్ తిరుగుతోంది, జామ్‌లో ముల్లు కదలడం లేదు. కాబట్టి ఎవరైనా "ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం" (ఎప్పుడూ తిరిగేలా) అంటే ఒప్పుకోకండి. లోడ్ మీద, ఎత్తు ఎక్కుతుంటే మాత్రమే వేడెక్కుతోందంటే పుట్టిన వేడిని రాడియేటర్ బయటికి పంపలేకపోతోంది. లోపలి ట్యూబులు గారపట్టి మూసుకుపోయి ఉండాలి, లేదా వాటర్ పంప్ బలం తగ్గి ఉండాలి. హెడ్ గ్యాస్కెట్ కూడా చూడండి. ఆయిల్ గేజ్ పుల్ల మీద కాఫీ రంగు నురగ ఉన్నా, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, ఆ తర్వాత స్టార్ట్ చేసి చూస్తే నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తున్నా అదే.

ఇంకోటి. ఖాళీ రోడ్డు మీద తొమ్మిది కిలోమీటర్లు పోయినా ముల్లు లేవదని మీరే రాశారు. వాల్వ్ సరిగ్గా ఉంటే అలా జరగదు. అది తెరుచుకున్నట్టే ఇరుక్కుపోయి ఉండాలి, లేకపోతే అసలు లేనే లేదు. పీకాలా ఉంచాలా అని ఓట్లు అడిగే ముందు వాల్వ్ మీది కప్పు విప్పి చూడండి.

రాడియేటర్‌లో ఏం పోస్తున్నారు?

పలమనేరు_పిల్లోడు:
అక్కా, నీళ్ళే. అపార్ట్‌మెంట్‌కి వచ్చే ట్యాంకర్ నీళ్ళు. మన దగ్గర మంచు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకన్నారు.

ఆయిల్‌మరక:
ట్యాంకర్ అంటే బోరు నీళ్ళే కదా! మీ గీజర్ కాయిల్ ఒకసారి విప్పి చూడండి, రాడియేటర్ లోపల ఎలా ఉందో తెలుస్తుంది. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు. తుప్పు పట్టనివ్వదు, నీళ్ళు మరిగే హద్దుని పైకి జరుపుతుంది. మూత కూడా ఆ పనే చేస్తుంది, కుక్కర్ వెయిట్ లాగా. 0.9 అని రాసి ఉన్న మూత బాగుంటే లోపలి నీళ్ళు 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు గట్టిపడితే ఆ ప్రెషర్ నిలవదు. బెంగళూరు ఎత్తుకి మామూలు గిన్నెలో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి, గుర్తుంచుకోండి.

ఈసారి ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఉంటే ఫుల్‌గా పెట్టి అద్దాలు దించండి. అది కూడా చిన్న రాడియేటరే. నలుగురూ చెమటలు కక్కుతారు, కానీ ఇంజిన్ బతుకుతుంది. అప్పటికీ దిగకపోతే పక్కకి ఆపి ఇంజిన్ ఆపేయండి. అరగంట, ముప్పావుగంట దాకా మూత జోలికి పోవద్దు. వేడి ఇంజిన్‌లో చన్నీళ్ళు పోయొద్దు, అల్యూమినియం హెడ్ వంగిపోతుంది.

పలమనేరు_పిల్లోడు:
శనివారం విప్పించాను. వాల్వ్ లేదు!! కప్పు కింద ఖాళీ. మెకానిక్ నవ్వాపుకోలేకపోయాడు. నాన్నకి ఫోన్ చేస్తే, "2011లో కోలారు దగ్గర ఒకాయన తీసేశాడు లేరా, అప్పట్నుంచీ బాగానే ఉంది కదా" అన్నాడు.

రాడియేటర్‌లో సగానికి పైగా ట్యూబులు తెల్లగా గారపట్టి మూసుకుపోయాయి. రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీ దూర్చి గార తీయడం) చేస్తే కొన్నాళ్ళు వస్తుందన్నారు గానీ, రెక్కలు కూడా పొడైపోతున్నాయని జేసీ రోడ్డులో కొత్తది కొన్నాను. మూత, వాల్వ్ కూడా కొత్తవే. రెడీమిక్స్ కూలెంట్ పోయించాను. నిన్న మళ్ళీ నలుగురం, ఏసీ వేసుకునే మొగిలి ఎక్కాం. ముల్లు సగం దాటలేదు. ఉదయం పూట దొమ్ములూరు కంటే ముందొచ్చే హెచ్ఏఎల్ రాకముందే సగానికి వచ్చి నిలబడుతోంది.

పుదుపేట_మేనల్లుడు:
అయితే పదమూడేళ్ళకి పైనే వాల్వ్ లేకుండా బతికిందన్నమాట. కేసు నాది.

లెక్కలమాస్టారు:
అన్నేళ్ళూ ఎంత పెట్రోలు ఎక్కువ తాగిందో వాళ్ళ నాన్నగారిని అడగండి.

రియర్‌వ్యూ:
వాల్వ్ లేకపోవడం వల్లే ఘాట్‌లో వేడెక్కిందని నేను చెప్పలేదా? కొత్తది వేయగానే తగ్గింది చూడండి.

ఆయిల్‌మరక:
రాడియేటరూ, మూతా, వాల్వూ ఒకే రోజు మార్చాడు. ఏది తగ్గించిందో దీన్నిబట్టి ఎవరూ గెలవలేరు. సగం మూసుకుపోయిన రాడియేటర్ మాత్రం కళ్ళముందే ఉంది. పొద్దున ముల్లు త్వరగా లేవడం ఒక్కటీ వాల్వ్ పని.

పలమనేరు_పిల్లోడు:
ఆఖరి సంగతి. నాన్న మళ్ళీ ఫోన్ చేసి, "ఆ తీసేసింది పారేయలేదురా, డిక్కీలో జాకీ సంచిలో చూడు" అన్నాడు. ఈనాడు పేపరు ముక్కలో చుట్టి ఉంది. పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి వేలాడదీసి స్టవ్ మీద పెట్టాను. నీళ్ళు మరగకముందే శుభ్రంగా తెరుచుకుంది.

పుదుపేట_మేనల్లుడు:
కోలారు ఆయన్ని ఏమనకు బ్రో. మా మామ కూడా ఎప్పుడూ గిన్నెలో వేసి చూడలేదు.